తోట ముచ్చట్లు: గులకరాళ్ల అలంకరణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గులకరాళ్ల గురించే ఉన్నాయి. బెంగళూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గృహప్రవేశం నాటికి ఇంటి ముందు మట్టి కనిపించకూడదని తొందరపడుతున్నారు. రాళ్లు పోయిస్తే అందంగా ఉంటుంది, పని కూడా ఒక్క పూటలో అయిపోతుంది. అయితే రాళ్లు వేసిన తరువాత వాన నీరు ఎటు పోతుందో తేల్చుకోకుండా ఒక్క బస్తా కూడా దింపించుకోవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. వచ్చిన ఉత్తరాల్లోని సమస్యలు చాలామటుకు అక్కడ పుట్టినవే.

ప్రశ్న: మాది 30 బై 40 సైటు. కొత్తగా ఇల్లు కట్టుకున్నాము. గేటు నుంచి వరండా దాకా కాంపౌండు గోడ పక్కన నాలుగు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున మట్టి నేల మిగిలింది. అందులో ఒక గంధరాజం, రెండు నూరువరహాల మొక్కలు ఉన్నాయి. మిగతా చోటంతా తెల్లని గులకరాళ్లు వేయించాలని నా కోరిక. కలుపు రాకుండా ముందు నల్ల ప్లాస్టిక్ షీటు పరుస్తామని మేస్త్రీ అంటున్నాడు. ఎన్ని బస్తాలు కావాలి? ఎలా వేయించాలి?
– ఒక పాఠకురాలు, విద్యారణ్యపుర, బెంగళూరు

జవాబు: ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దండి. ఎనభై చదరపు అడుగులంటే చిన్న చోటుగానే అనిపిస్తుంది గానీ, 30 బై 40 సైటులో ఇల్లు, కారు నిలిపే చోటు, సంపు పోగా వాన నీరు భూమిలోకి ఇంకడానికి చాలామందికి మిగిలేది ఆ కాస్త నేలే. 2009లో బెంగళూరు జలమండలి (నగరానికి నీటిని సరఫరా చేసే సంస్థ) చట్టానికి చేసిన సవరణతో, 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టే ఇళ్లకు వాన నీటి సంరక్షణ ఏర్పాటు తప్పనిసరి అయింది. ఒక మూల ఇంకుడు గుంత తవ్వించి, దాని పక్కనే ఉన్న నేలను షీటుతో మూసివేయడంలో అర్థం లేదు. పైగా 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటిని తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా విధిస్తామని జలమండలి ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి వేసవి మళ్లీ వస్తే మీ గంధరాజాన్ని కాపాడేది నేలలో దాగిన తేమ మాత్రమే. షీటు వేస్తే ఆ తేమ చేరదు, మట్టికి గాలి ఆడదు, సెప్టెంబరు వానల్లో నీళ్లు షీటు మీదుగా జారి రాళ్లతో సహా గేటు కిందనుంచి వీధిలోకి వస్తాయి.

షీటుకు బదులు నీటిని కిందికి వదిలే జియో టెక్స్‌టైల్ బట్ట పరిపించండి. అది రాళ్లు మట్టిలోకి దిగబడకుండా ఆపుతుంది, కలుపును కొంతవరకు అణచివేస్తుంది. పూర్తిగా ఆపుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మీ నేలలో తుంగ ఉంటే దాని సూది మొలక బట్టను పొడుచుకుని పైకి వస్తుంది. అందుచేత బట్ట వేయడానికి ముందే జానెడు లోతు తవ్వించి, తుంగ గడ్డలను చేత్తో ఏరించి, నేల తడిపి రెండు మూడు వారాలు ఆగండి. మిగిలిపోయిన గడ్డలు మొలకెత్తాక వాటిని కూడా తీయించండి. గృహప్రవేశం దగ్గర పడిందని ఈ పనిని దాటవేసినవారు తరువాత ఏడాది పొడవునా రాళ్ల మధ్య కూర్చుని తుంగ పీకుతూనే ఉంటారు. ఇక పైనుంచి వచ్చే కలుపు వేరే సంగతి. గాలికి కొట్టుకు వచ్చే దుమ్ము, ఎండుటాకుల పొడి రాళ్ల సందుల్లో చేరి, బట్ట మీదనే ఒక పలుచని మట్టి పొర తయారవుతుంది. గరిక విత్తనానికి ఆ మాత్రం మట్టి చాలు. మీ వీధిలో తురాయి చెట్టు గానీ, పసుపు పూల పెల్టోఫోరం గానీ ఉంటే, వాటి ఆకులు గింజలంత చిన్నవి కనుక చీపురుకు అందవు. అటువంటి చెట్టు కింద గులకరాళ్లు వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

లెక్క విషయానికి వద్దాము. 20 నుంచి 25 మిల్లీమీటర్ల రాయికి రెండు అంగుళాల మందం సరిపోతుంది. ఆ మందాన చదరపు అడుగుకు సుమారు ఏడున్నర కిలోలు పడుతుంది. ఎనభై అడుగులకు దాదాపు 600 కిలోలు, అంటే ఇరవై కిలోల బస్తాలు ముప్పై. మొక్కల మొదళ్ల చుట్టూ అడుగు మేర వదిలేయాలి కనుక ఇంకా కొన్ని తగ్గుతాయి. రాళ్లు పోసే ముందు రెండు మూడు అంగుళాల మట్టి తీసివేయించి, అంచున ఇటుకలు గానీ రాతి పట్టీలు గానీ నిలబెట్టించండి. నేల మట్టానికి పైన పోసిన రాయి నిలవదు. పిల్లల కాళ్లకు, చీపురుకు తగిలి వరండా అంతా దొర్లుతుంది.

మీరు కోరుకున్న తెల్ల రాయి గురించి కొంత నిదానంగా చెప్పాలి. అంగడిలో దొరికే తెల్లని గులకరాళ్లలో చాలా భాగం పాలరాయి ముక్కలే. పాలరాయి అంటే సున్నపు జాతి రాయి. అది వాన నీటికి కొద్దికొద్దిగా కరిగి మట్టిలో క్షారగుణం పెంచుతుంది. మీరు పెంచుతున్న గంధరాజం, నూరువరహాలు రెండూ ఆమ్లగుణం గల మట్టిని కోరేవి. మట్టి క్షారానికి తిరిగితే ఇనుము ఉన్నా వేర్లు దాన్ని అందుకోలేవు; లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఈ బాధ మామూలుగానే ఉంటుంది, దానికి ఈ రాయి తోడవుతుంది. కొనే ముందు ఒక రాయిని మేకుతో గీరి, గీరిన చోట నిమ్మరసం రెండు చుక్కలు వేసి చూడండి. సన్నని బుడగలు వస్తే అది సున్నపు జాతిది. గీరకుండా వేస్తే పైన పూసిన మైనం వల్ల ఏమీ తెలియదు. తెల్లదనమే కావాలనుకుంటే పలుగురాయి అడగండి, దానికి ఈ గుణం లేదు. నన్ను అడిగితే మాత్రం తెలుపే వద్దంటాను. మధ్యాహ్నపు ఎండలో కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి, మన ఎర్రమట్టి చిందిన మొదటి వానకే రంగు మారుతుంది. ఈ ఊరికి బూడిద రంగు రాయి సహజంగా అమరుతుంది. లాల్‌బాగ్ గుట్ట దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. దాని మీద ఒక సాయంత్రం కూర్చుని, ఆ బూడిద రంగు పక్కన పచ్చని ఆకు ఎలా తేలి కనిపిస్తుందో చూసి రండి. దేవనహళ్లి వైపు దొరికే సాదరహళ్లి గ్రానైటు ముక్కలు కూడా అదే ఛాయలో ఉంటాయి.

మరొక్క మాట. అంగళ్లలో రాళ్ల మీద నీళ్లు చల్లి ఉంచుతారు, తడి రాయికి నిగారింపు ఎక్కువ. ఆరిన రాయి చూపించమని అడిగి రంగు నిర్ణయించుకోండి.

ప్రశ్న: కుండీ అడుగున రెండు మూడు అంగుళాల గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందని మా అత్తగారు చెప్పగా అలాగే చేస్తున్నాను. అయినా నా ఎడారి గులాబీ మొదలు మెత్తబడి కుళ్లిపోయింది. రాళ్లు చాలలేదా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: రాళ్లు చాలకపోవడం కాదమ్మా, ఎక్కువైనాయి. మీ అత్తగారి మాట ఇంటింటా వినిపించేదే, చాలా తోటపని పుస్తకాల్లో కూడా కనిపించేదే. అయినా నీటి నడక దానికి ఒప్పుకోదు. సన్నని మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్ల పొరలోకి నీరు తేలికగా దిగదు. మట్టి అడుగు భాగం పూర్తిగా నాని, ఇక పట్టలేని స్థితి వచ్చాకనే కింది రాళ్లలోకి జారుతుంది. రాళ్లు లేకపోతే ఆ నానిన భాగం కుండీ అట్టడుగున ఉండేది. రాళ్లు వేయడం వల్ల అది అంతే మందంతో పైకి జరిగి వేర్ల దగ్గరకు వచ్చింది. పన్నెండు అంగుళాల కుండీలో మూడు అంగుళాలు రాళ్లకే పోతే, వేర్లకు మిగిలేది తొమ్మిది అంగుళాలు, అందులోనూ అడుగు భాగం ఎప్పుడూ బురద.

కుండీ రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి గానీ, దోమతెర ముక్క పరచి గానీ నేరుగా మట్టి మిశ్రమం నింపండి. ఎడారి గులాబీకి అందులో సగం దాకా ముతక ఇసుక, ఇటుక చూర వంటివి ఉండాలి. మీ దగ్గర ఉన్న గులకరాళ్లను పారవేయనక్కరలేదు, కుండీ పైన అర అంగుళం మందాన పరచండి. ఆరు నుంచి పది మిల్లీమీటర్ల సన్న రాయి ఇందుకు బాగుంటుంది. నీళ్లు పోసినప్పుడు మట్టి చెదరదు, ఆకులకు బురద చిందదు, తేమ కాస్త నిదానంగా ఆరుతుంది. కాకపోతే పైన రాయి ఆరినట్లు కనిపిస్తున్నా కింద మట్టి తడిగా ఉండవచ్చు. రాళ్లు పక్కకు జరిపి, వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడనిదే నీళ్లు పోయవద్దు.

కుండీ కింది పళ్లెంలో రాళ్లు పోసి నీళ్లు నిలిపే అలవాటు కూడా ఉంటే వారానికి ఒకసారి తప్పకుండా వంచివేసి, రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు తొడిగే దాకా వారం, పది రోజులు చాలు, అది కోరుకునేది ఇటువంటి కొద్దిపాటి నీళ్లనే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు మిద్దె మీద మూడు వందల చదరపు అడుగుల చోట నడిచే బాటలు వదిలి, మిగతా అంతా గులకరాళ్లు పోసి, మధ్యలో కుండీలు పెట్టాలని సంఘం తీర్మానించింది. ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: తీర్మానం అమలు చేసే ముందు భవనం డిజైను చేసిన ఇంజనీరు సంతకం తీసుకోండి. జనం తిరిగే మిద్దెకు మన దేశ ప్రమాణాల ప్రకారం సాధారణంగా లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. రెండు అంగుళాల గులకరాళ్ల పొర ఒక్కటే 80 కిలోల దాకా తూగుతుంది. వాన పడి తడిసిన కుండీలు, పండుగ రోజున చేరే మనుషులు ఇంకా లెక్కలోకి రాలేదు. బరువు మాట అటుంచినా, నీరు చేరకుండా పూసిన పూత మీద రాళ్లు రాపిడి పెడతాయి, పూత ఎక్కడ పగిలిందో రాళ్ల కింద కనిపించదు, ఎండుటాకులు చేరి నీటి గొట్టం మూసుకుపోతుంది. పై అంతస్తువారి సీలింగు మీద మచ్చ కనిపించిన రోజున రెండు టన్నుల వరకు రాళ్లను సంచుల్లోకి ఎత్తించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది కూడా అదే సమావేశంలో తేల్చుకోండి.

అలంకరణే ఉద్దేశమైతే కుండీల పైన మాత్రం సన్నని పొర వేసుకోండి. కొలిమిలో ఉబ్బించిన మట్టి గోలీలను నర్సరీల్లో క్లే బాల్స్ పేరుతో అమ్ముతారు. అవి చాలా తేలిక, రంగు కూడా కంటికి ఇంపుగా ఉంటుంది.

ప్రశ్న: రెండేళ్ల కిందట వేయించిన గులకరాళ్లు నీడ ఉన్న వైపు పచ్చగా, మిగతా చోట తెల్లని పొరతో మసకగా తయారైనాయి. బాత్‌రూములు కడిగే ఆసిడ్ పోస్తే పోతుందని పనిమనిషి అంటోంది.
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: ఆసిడ్ పోయనివ్వకండి. పాలరాయి అయితే మెరుగు అక్కడికక్కడే పోతుంది, మట్టిలోకి దిగి వేర్లూ పోతాయి. పచ్చదనం నాచు; నీడ, తడి కలిసిన చోట రాకుండా ఆపలేము. ఆ భాగం రాళ్లను పారతో జల్లెడలోకి ఎత్తి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి, మిద్దె మీద రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టి తిరిగి పోయించండి. తెల్లని పొర బోరు నీటిలోని లవణాలది. గ్రానైటు లేక పలుగురాయి అయితే బకెట్టులో వెనిగరు కలిపిన నీళ్లలో నానబెట్టి కడగవచ్చు, పాలరాయికి ఆ వైద్యం కూడా పనికిరాదు.

ప్రశ్న: మా ఊరు పెన్నా నది ఒడ్డున ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు కారు డిక్కీ నిండా నది రాళ్లు తెచ్చుకోవాలని పిల్లలు ఉబలాటపడుతున్నారు. ఇక్కడ డబ్బు పోసి కొనడం ఎందుకు?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: పిల్లల ఉబలాటం అర్థం చేసుకోదగినదే గానీ, డిక్కీ నిండా వద్దండి. 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం ఇసుకను, గులకను చిన్నతరహా ఖనిజాలుగా పేర్కొంటుంది; అనుమతి లేకుండా తవ్వి తరలించడం నేరం. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో, ఐదు హెక్టార్ల లోపు చిన్న తవ్వకాలకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నది అడుగున ఉన్న రాళ్ల సందుల్లోనే ఎన్నో చేపలు గుడ్లు పెడతాయి, వాటికి ఆహారమయ్యే పురుగులు బతుకుతాయి. ఒక్క కారుతో పోయేదేముంది అని ప్రతి కారూ అనుకుంటుంది.

నది రాయి పేరుతో అంగళ్లలో అమ్మేదంతా నదిలోంచి వచ్చినది కాదు. క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో మిగిలిన రాతి ముక్కలను నీటితో, గరుకు పొడితో పాటు పెద్ద డ్రమ్ముల్లో వేసి, కోణాలు అరిగే దాకా తిప్పి గుండ్రంగా చేస్తారు. కొనేటప్పుడు యంత్రంలో తిప్పిన రాయేనా అని అడిగి, బిల్లు తీసుకోండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులద్దిన రాళ్ల జోలికి పోవద్దు, ఎండకు వెలిసిపోతాయి.

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. పడమటి గోడ పక్కన మల్లె పొదల చుట్టూ గులకరాళ్లు వేయించాము. వేసవిలో పొదలు మాడినట్లు అయిపోయాయి. వానాకాలంలో అక్కడే నీరు నిలుస్తోంది.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: బెంగళూరులో నడిచిన పద్ధతి చెన్నైలో అంతే బాగా నడవదు. మీరు కత్తిరి వెయిలు అనే మే నెల ఎండలో పడమటి గోడ ఒక వైపు, రాళ్లు ఒక వైపు వేడి పట్టి, పొద్దుగూకిన తరువాత కూడా పొదల మీదికి విడుస్తూనే ఉంటాయి. లేత రంగు రాళ్లయితే పగటి వెలుగును ఆకుల అడుగు భాగానికి కొడతాయి. పొదల చుట్టూ రెండు అడుగుల మేర రాళ్లు తీసివేసి, ఆ చోట కొబ్బరి పీచు, ఎండుటాకులు మూడు అంగుళాల మందాన కప్పండి. రాళ్లను గోడ నీడ పడే తూర్పు వైపుకో, చూరు నీళ్లు పడే గీతకో మార్చండి. చూరు కింద అడుగున్నర వెడల్పున పోసిన రాళ్లు మట్టి చిందకుండా గోడను కాపాడతాయి. గులకరాళ్లు నిజంగా అక్కరకు వచ్చే చోటు అదే.

నీరు నిలవడానికి కారణం రాళ్ల సందుల్లో చేరిన ఒండ్రు అయి ఉంటుంది. మీ ప్రాంతం పల్లం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు వీధి నీరు లోపలికి వచ్చి పోయినప్పుడల్లా సన్నని బంకమట్టి దిగబడుతుంది. రాళ్లు ఎత్తి, కడిగి, కింది బట్ట మార్చి తిరిగి పోయించనిదే నీరు దిగదు. తమిళనాడులో 2003లోనే భవనాలకు వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు కనుక మీ ఇంట్లోనూ ఒక గుంత ఉండే ఉంటుంది. దాని మూత మీద కూడా అలంకరణ రాళ్లు పోసి ఉంటే వెంటనే తీయించండి. గుంత కనిపిస్తేనే ఎవరైనా శుభ్రం చేస్తారు.

ప్రశ్న: జపాను తోటల్లో మాదిరిగా గులకరాళ్ల మీద దంతెతో అలల గీతలు గీయాలని ప్రయత్నించాను. గీత నిలవడం లేదు.
– ఒక పాఠకుడు, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: గుండ్రని రాయి దొర్లిపోతుంది, గీత నిలవదు. క్యోటోలోని ర్యోవాంజీ ఆలయ తోటలో పదిహేను బండల చుట్టూ పరచినది గులకరాళ్లు కావు, కోణాలున్న సన్నని రాతి కంకర. మీరు ఆరు మిల్లీమీటర్ల లోపు గ్రానైటు చిప్స్ తెప్పించుకుని, రెండు మూడు అంగుళాల మందాన పరచి, వెడల్పాటి చెక్క పళ్ల దంతె వాడండి. పిల్లులు తిరిగే వీధి అయితే ఈ ఆలోచన మానుకోవడమే మేలు. సన్న కంకర కనిపిస్తే అవి దానిని తమ అవసరానికి వాడుకుంటాయి.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 72 ఏళ్లు. పార్కుల్లో ఉన్నట్లు పెరట్లో గులకరాళ్ల బాట వేయించి రోజూ చెప్పులు లేకుండా నడిపించాలనుకుంటున్నాము. ఆయనకు చాలాకాలంగా షుగరు ఉంది.
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: షుగరు ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, రాయి గుచ్చుకుని పుండు పడినా తెలియదు. కనుక డాక్టరును అడగకుండా చెప్పులు విప్పించవద్దు. ఆయన నడవడానికి రెండడుగుల వెడల్పు గల గరుకు రాతి పలకలను మట్టానికి సమంగా, సందుల్లేకుండా పరిపించి, ఒక వైపు చేతికి అందేలా పట్టుకునే కమ్మీ పెట్టించండి. వదులుగా పోసిన గులకరాళ్లు పెద్దవారి నడకకు ఏ విధంగానూ తగవు. కాలు పెట్టగానే జరుగుతాయి. బాటకు రెండు పక్కలా అర అడుగు వెడల్పున, పలక కన్నా అంగుళం పల్లంగా రాళ్లు పోసుకుంటే అలంకరణ కోరికా తీరుతుంది, వాన నీరు కూడా పలకల మీద నిలవకుండా ఆ పక్కలకు దిగిపోతుంది.